తుమ్మకొమ్మ మీద బంగారు పురుగు... తంగేడు మీద సీతాకోకచిలుక

ఎగిరిపోగలిగిన దానికి నాలుగూళ్ళు - పోలేని దానికి ఒకే చెట్టు

మర్పల్లి: మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు వానలు పడ్డాయంటే మర్పల్లి మండలంలోని చెల్కలకూ, గెట్లకూ కొత్త కళ వస్తుంది. ముందుగా ఎర్ర మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు నేలమీద తిరుగుతాయి. అవి కంటబడితే విత్తనాలకు వేళయిందని రైతులు సంతోషిస్తారు. ఆ వెనకనే తుమ్మచెట్ల మీదికి బంగారు పురుగులు చేరుకుంటాయి. కోస్తా జిల్లాల వారు వీటినే జీరంగులంటారు. సరిగ్గా అవే రోజుల్లో రేలచెట్ల చుట్టూ, తంగేడు పొదల చుట్టూ పసుపు కలిసిన తెల్ల సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా ఎగురుతూ కనిపిస్తాయి.

ఒకటి మెరిసే పెంకు పురుగు. రెండవది మెత్తని రెక్కల చిలుక. రెండూ అడవి జీవులే అయినా అనంతగిరి గుట్టల నుంచి మర్పల్లి పొలం గెట్ల దాకా, తుమ్మ, రేగు, రేల, తంగేడు ఉన్న ప్రతి చోటా బతుకుతాయి. రెండూ వానను నమ్ముకున్నవే. రెండింటికీ చెట్టే ఆధారం. అయినా వీటి బతుకుల్లో పెద్ద తేడా ఒకటి ఉంది. ఆ తేడా తెలిసినవారు గెట్టు మీది తుమ్మచెట్టుకు గొడ్డలి వేసేముందు ఒక్క క్షణం ఆగుతారు.

అగ్గిపెట్టెలో బంగారం

బంగారు పురుగును చేతిలోకి తీసుకోని పల్లెటూరి బాల్యం ఈ ప్రాంతంలో అరుదు. బడి నుంచి వచ్చీ రాగానే పిల్లలు తుమ్మకొమ్మలను దులిపి పురుగును పట్టుకోవడం, ఖాళీ అగ్గిపెట్టెలో రెండు తుమ్మరెమ్మలు వేసి అందులో దాన్ని పెట్టడం, మెడకు దారం కట్టి గిర్రున ఎగిరించడం తరతరాలుగా వస్తున్న ఆట. పురుగు గింజంత గుడ్డు పెట్టిందంటే ఆ ఇంట్లో పండగే.

"అవ్వా, గుడ్డు పెట్టిందే! పిల్లలు ఎప్పుడైతయే?" అని మనుమడు అడుగుతాడు.

"అగ్గిపెట్టెలో ఎట్లయితయి బిడ్డా, దానికి మన్ను గావాలె" అని అవ్వ జవాబు చెబుతుంది.

వాడు వినడు. రోజూ పెట్టె తెరిచి చూస్తాడు. నెల గడిచినా పిల్లలు రావు. గుడ్డు ఎండిపోతుంది. ఆ పెట్టె చూరులోనో, గూటిలోనో మిగిలిపోతుంది.

అవ్వ మాటలో సత్యం ఉంది. శాస్త్రజ్ఞులు స్టెర్నోసెరా అని పిలిచే ఈ పురుగు తన గుడ్లను చెట్టుమీద పెట్టదు, మట్టిలో పెడుతుంది. దాని సంతానం బాల్యమంతా మట్టిలోనే గడవాలి.

మట్టిలో ఒకరి బాల్యం - ఆకు మీద మరొకరిది

పెంకు పురుగుకైనా, సీతాకోకచిలుకకైనా బతుకులో నాలుగు దశలున్నాయి: గుడ్డు, ఆ గుడ్డు నుంచి వచ్చే పురుగు, కదలక మెదలక నిద్రించే దశ, చివరికి రెక్కల జీవి. ఇంతవరకు రెండూ సమానం. ఆ దశలు ఎక్కడ, ఎంతకాలం గడుస్తాయన్న దగ్గరే దారులు వేరవుతాయి.

సీతాకోకచిలుక సంగతి ముందు చూద్దాం. రేల, తంగేడు, మోదుగ వంటి చెట్లను ఆశ్రయించే ఈ జాతికి వలస సీతాకోకచిలుక అని పేరు. తల్లి లేత ఆకును వెదికి ఒక్కొక్క గుడ్డే పెట్టుకుంటూ పోతుంది. మూడు నాలుగు రోజుల్లో గుడ్డు పగిలి ఆకుపచ్చని గొంగళి బయటికి వస్తుంది. ఆకులో ఆకులా కలిసిపోయే రంగు. ప్రక్కన తెల్లని గీత ఉంటుంది. అది రెండు వారాల దాకా ఆకులు తిని లావెక్కుతుంది. తరువాత నడుముకు సన్నని పట్టుదారం బిగించుకుని కొమ్మకు వేలాడుతుంది. మరొక వారానికి రెక్కలు విప్పుకుని ఎగిరిపోతుంది. మొత్తం కథ మూడు నాలుగు వారాల్లో ముగుస్తుంది. వానలు బాగుండి చిగురు దొరికితే ఒకే కాలంలో ఒక తరం తరువాత మరొక తరం పుడుతుంది.

బంగారు పురుగు సంగతి వేరు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల మట్టిలోనే ఉండి వేళ్ళను తింటూ పెరుగుతుంది. దానికి కాళ్ళుండవు. నెలల తరబడి ఆ చీకటే దాని లోకం. చివరికి మట్టిలోనే నిద్రదశకు చేరి, రెక్కలు తొడుక్కుని, వాన పడి నేల మెత్తబడే అదను కోసం కాచుకుంటుంది. బయటికి వచ్చాక అది వెలుగు చూసేది కొద్ది వారాలే. ఆ కొద్ది వారాల్లోనే తుమ్మ ఆకు తినాలి, జత కట్టాలి, గుడ్లు పెట్టాలి, కన్ను మూయాలి. పిల్లలు అగ్గిపెట్టెలో పెట్టిన ఒక్క వారం పిల్లల దృష్టిలో ఆటే కావచ్చు. పురుగు దృష్టిలో అది వెలుగు చూసిన బతుకులో పెద్ద భాగం.

ఒర రెక్కలు - పొలుసు రెక్కలు

రెండింటికీ రెక్కలు నాలుగే. సీతాకోకచిలుక నాలుగింటినీ చాపి ఎగురుతుంది. బంగారు పురుగుకు పైనున్న రెండు రెక్కలు గట్టిపడి డిప్పలయ్యాయి. ఎగరడానికి పనికివచ్చే రెండు పలుచని రెక్కలు ఆ డిప్పల కింద మడిచి ఉంటాయి. కత్తికి ఒర ఎటువంటిదో ఆ రెక్కలకు డిప్పలు అటువంటివి. అందుకే పెంకు పురుగుల కులానికి శాస్త్రజ్ఞులు 'ఒర రెక్కలవి' అన్న అర్థంలో కోలియోప్టెరా అనీ, సీతాకోకచిలుకలకూ రాత్రి ఎగిరే రెక్కల పురుగులకూ కలిపి 'పొలుసు రెక్కలవి' అన్న అర్థంలో లెపిడోప్టెరా అనీ పేర్లు పెట్టారు. రెండు పేర్లలోనూ ఉన్న 'ప్టెరా' అంటే గ్రీకు భాషలో రెక్క. హెలికాప్టర్ పేరు చివర ఉన్నదీ అదే మాట. ఈ మాటతో ఇంకొక పని ఉంది, దాన్ని గుర్తుంచుకోవాలి.

ఒర రక్షణ ఎంత గట్టిదో ఆ కులం సంఖ్యే చెబుతుంది. ప్రపంచంలో ఇంతవరకు పేరు పెట్టిన పెంకు పురుగుల జాతులు దాదాపు 4 లక్షలు. సీతాకోకచిలుకలు 18 వేలకు అటు ఇటు. అందులో మన దేశానికి చెందినవి 1,300 పైమాటే. కవులకు సీతాకోకచిలుకే కనిపించినా, భూమి మీద గుంపు మాత్రం పెంకు పురుగులదే.

వేలికి అంటే రంగు - అంటని రంగు

సీతాకోకచిలుకను పట్టుకుంటే వేళ్ళకు పసుపు పొడి అంటుకుంటుంది. ఆ పొడి దాని రెక్కల మీది సన్నని పొలుసులు. ఇంటి కప్పు మీద గూనపెంకుల్లా అవి వరుసలుగా పేర్చి ఉంటాయి. రాలితే మళ్ళీ రావు. వలస సీతాకోకచిలుక రెక్కలకు రంగునిచ్చేది ఆ పొలుసుల్లో ఉండే పదార్థమే. బట్టకు అద్దకం ఎటువంటిదో దానికి ఆ రంగు అటువంటిది.

బంగారు పురుగును ఎంత రుద్దినా రంగు చేతికి రాదు. ఎందుకంటే ఆ మెరుపు అద్దకం కాదు. డిప్ప పైభాగంలో అతి పలుచని పొరలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. వెలుగు ఆ పొరల మీద పడి తిరిగి వచ్చేటప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని అణగిపోతాయి. రోడ్డు మీది నీటిగుంటలో డీజిల్ చుక్క పడితే ఏడు రంగులు కనిపిస్తాయి కదా, సబ్బు బుడగ మీద రంగులు ఆడతాయి కదా, ఇదీ ఆ కోవలోదే. అందుకే పురుగును కొంచెం వంచి చూస్తే పచ్చదనం మారుతుంది. అందుకే పురుగు చచ్చినా రంగు చావదు.

వీటిలోనూ తేడాలున్నాయి. కొన్నిటికి ఒళ్ళంతా పచ్చగా ఉంటుంది. కొన్నిటికి మెడభాగం పచ్చగానూ, డిప్పలు ముదురు గోధుమ రంగులోనూ ఉంటాయి. పిల్లలకు మాత్రం అన్నీ బంగారమే.

దర్బారుకెక్కిన డిప్పలు

చచ్చినా చావని ఆ రంగే బంగారు పురుగును రాజుల దాకా తీసుకుపోయింది. జపాన్ దేశంలోని నారా దగ్గర హోర్యూజీ బౌద్ధాలయంలో 7వ శతాబ్దానికి చెందిన ఒక చిన్న కొయ్య మందిరం ఉంది. దాని లోహపు అల్లికల కింద ఈ కుటుంబానికే చెందిన మరొక జాతి పురుగు డిప్పలను పరిచారు. అందుకే దానికి ఆ పురుగు పేరుతోనే తమముషి మందిరమని పేరు వచ్చింది.

మన దేశంలో మొగలుల కాలం నుంచీ ఈ డిప్పలను ముక్కలుగా కోసి, రంధ్రాలు వేసి, జరీతో పాటు బట్టల మీద కుట్టేవారు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు దొరసానులకు ఈ కుట్టుపని మీద మోజు పెరిగి, మల్లు గుడ్డల మీద కుట్టినవి ఓడలెక్కి సీమకు పోయాయి. 1888లో లండన్ నాటకశాలలో ఎల్లెన్ టెర్రీ అనే ప్రఖ్యాత నటి లేడీ మాక్బెత్ వేషానికి ధరించిన పచ్చని దుస్తుల మీద మెరిసినవీ ఈ డిప్పలే. మరుసటి ఏడు చిత్రకారుడు సార్జెంట్ ఆమెను ఆ దుస్తుల్లోనే చిత్రించాడు. ఆ దుస్తులకు మరమ్మతులు చేసి 2011లో మళ్ళీ ప్రదర్శనకు పెట్టారు. నూరేళ్ళు దాటినా డిప్పల మెరుపు తగ్గలేదు.

1903లో ఢిల్లీలో జరిగిన దర్బారులో వైస్రాయి కర్జన్ భార్య నెమలి పింఛాల అల్లికతో ఒక గౌను ధరించింది. ఒక్కొక్క పింఛం కన్ను మధ్య ఒక పచ్చని పురుగు డిప్పను కుట్టారు. హైదరాబాదు నిజాం మహబూబ్ అలీ ఖాన్ కూడా హాజరైన దర్బారు అది. మన పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకునే సొమ్మునే దొరసాని ఒంటినిండా వేసుకున్నదన్న మాట.

ఎంత గౌరవం దక్కినా ఆ గౌరవమంతా చచ్చిన పురుగుకే. బతికున్న పురుగుకు కావలసింది గుప్పెడు తుమ్మ ఆకు, జానెడు మెత్తటి మన్ను మాత్రమే.

రెక్క రంగు నుంచి మందు బిళ్ళ దాకా

ఇక రాలిపోయే రంగు సంగతి. సీతాకోకచిలుక రంగు దర్బారుకు పనికిరాలేదు కాని దవాఖానాకు పనికివచ్చింది. ఇది చాలామందికి తెలియని కథ.

ఇంగ్లండులో ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1889లో పసుపు సీతాకోకచిలుక రెక్కలోని రంగు పదార్థమేమిటని పరిశోధన మొదలుపెట్టాడు. ఈ హాప్కిన్సే తరువాత విటమిన్ల మీద కృషికి 1929లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. 1925 ప్రాంతంలో జర్మనీలో వీలాండ్, షోఫ్ అనేవారు ఆ రంగును శుద్ధిచేసి విడదీశారు. రెక్క నుంచి వచ్చింది కనుక ఆ జాతి పదార్థాలకు ప్టెరిన్లు అని పేరు పెట్టారు. పైన గుర్తుంచుకోవాలన్న మాట ఇదే. మన తంగేడు మీది వలస సీతాకోకచిలుక కుటుంబమంతా రెక్కల్లో ఈ ప్టెరిన్లనే మోస్తుంది.

ఇదిలా ఉండగా 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో పనిచేస్తూ, గర్భిణులకు వచ్చే ఒక రకమైన రక్తహీనత ఈస్టు సారం ఇస్తే తగ్గుతున్నదని ప్రకటించారు. అందులో ఉన్న మందు వస్తువేదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఆ వస్తువును వేరుచేసి, ఆకు అనే అర్థంలో ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. దాన్ని విప్పి చూస్తే లోపల ఒక భాగం ప్టెరిన్ అని తేలింది. సీతాకోకచిలుక రెక్కకు రంగు వేసే వస్తువూ, గర్భిణి నెత్తురు నిలబెట్టే వస్తువూ దాయాదులన్న మాట.

ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరిన యెల్లాప్రగడ సుబ్బారావు 1940 నుంచి లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ తయారీని వెల్లడించింది. దానికి స్వల్ప మార్పులు చేయగా వచ్చిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ నెత్తురు క్యాన్సర్ సోకిన పిల్లలకు వాడి, వ్యాధి కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. క్యాన్సర్‌కు మందులతో చికిత్స చేయవచ్చునన్న ఆశకు అది తొలిమెట్లలో ఒకటి. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ పేరు చివర కూడా రెక్క మాట ఉండిపోయింది.

ఊళ్ళలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ బిళ్ళలో ఈ ఫోలిక్ ఆసిడ్ కూడా ఉంటుంది. గర్భంలోని శిశువు వెన్నెముక, మెదడు సరిగా ఏర్పడడానికి అది అవసరం. బిళ్ళ వేసుకోవడానికి బద్ధకించే కోడలికి అత్త ఈ సీతాకోకచిలుక కథ చెప్పినా మంచిదే.

రైతుకు శత్రువులా?

అందాల మాట అటుంచి, పంటకు వీటితో నష్టమేమైనా ఉందా అన్నది రైతు అడిగే మొదటి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న.

వలస సీతాకోకచిలుక గొంగళి తినేది రేల, తంగేడు, మోదుగ వంటి చెట్ల ఆకులు. కందికాయను తొలిచేది ఇది కాదు. అది శనగపచ్చ పురుగు. దాని తల్లి సీతాకోకచిలుక కాదు, రాత్రివేళ ఎగిరే గోధుమరంగు రెక్కల పురుగు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి శత్రువు ఆ రాత్రి పురుగే. ఆకుపచ్చగా కనబడిన ప్రతి గొంగళీ కంది పురుగేనని గెట్టు మీది తంగేడుకు కూడా మందు కొట్టడం వృథా ఖర్చు. పైగా పూల మీద వాలి తేనె తాగే సీతాకోకచిలుకలు పుప్పొడిని ఒక పువ్వు నుంచి మరొక పువ్వుకు చేరుస్తాయి.

బంగారు పురుగు తుమ్మ, రేగు ఆకులను తింటుంది. అయితే దాని దాయాదుల్లో దుష్టులు లేకపోలేదు. అదే కుటుంబానికి చెందిన చిన్న జాతులు వేరుశనగ, పత్తి కాండాలను తొలుస్తాయి. చేలలో వేళ్ళు కొరికి పంటను ఎండగొట్టే తెల్లని వేరుపురుగు కూడా ఒక పెంకు పురుగు పిల్లే, కాని అది వేరే కుటుంబం. అది కొడవలిలా వంగి ఉంటుంది, దానికి కాళ్ళుంటాయి. బంగారు పురుగు పిల్లకు కాళ్ళుండవు. దాయాది చేసిన తప్పుకు దీన్ని శిక్షించడం న్యాయం కాదు.

మరొక సంగతి. దసరానాడు మనవాళ్ళు దర్శనం చేసుకునే పాలపిట్ట బతికేది మిడతలు, పెంకు పురుగులు వంటి పెద్ద పురుగులను తినే. 2014లో రాష్ట్ర పక్షిగా పాలపిట్టనూ, రాష్ట్ర పుష్పంగా తంగేడునూ ప్రకటించారు. పురుగు లేని గెట్టు మీద పాలపిట్ట వాలదు. తంగేడు లేని గెట్టు చుట్టూ ఈ చిలుక తిరగదు. గోడల మీద బొమ్మలు వేసినంత మాత్రాన అవి నిలవవు.

పోగలిగినది - పోలేనిది

అసలు తేడా ఇక్కడ ఉంది. వలస సీతాకోకచిలుకకు ఆ పేరు ఊరికే రాలేదు. వానాకాలంలో అవి వేలాదిగా ఒకే దిక్కుకు సాగిపోవడం మన దేశంలో అనేకసార్లు నమోదయింది. మధ్యదారిలో వాగు ఒడ్డున చెమ్మ మట్టి మీద గుంపుగా వాలి ఉప్పు సారాన్ని పీల్చుకుంటాయి. అలా వాలేవి ఎక్కువగా మగవే. ఈ ఊళ్ళో రేలచెట్టు కొట్టేస్తే పై ఊళ్ళో వెదుకుతుంది. మోమిన్‌పేటలో దొరకకపోతే కోహీరు పోతుంది. వాన మంచిగా పడి తంగేడు చిగురిస్తే తిరిగి వస్తుంది. దాని బతుకు పనికోసం బస్సెక్కే వలస కూలీ బతుకు.

బంగారు పురుగు అలా కాదు. ఎండ పూట గుయ్యిమంటూ ఎగిరినా అది దూరప్రయాణాల జాతి కాదు. తుమ్మ దగ్గర పుట్టి, అక్కడి మట్టిలోనే తన పిల్లలను దాచి, అక్కడే పోతుంది. ఆ పిల్లలు నెలల తరబడి కాళ్ళు లేని బతుకు బతుకుతాయి. ఈలోగా గెట్టును డోజరుతో చదును చేస్తే, తుమ్మను వేళ్ళతో సహా పెకలిస్తే, మట్టిని లారీల్లో ఎత్తుకుపోతే వాటికి పారిపోయే దారి లేదు. ఏం జరిగిందో పైనున్న మనిషికి కూడా తెలియదు. మరుసటి ఏడు వాన పడుతుంది, పురుగు రాదు, అంతే. పొలమే దిక్కుగా ఊళ్ళో ఉండిపోయిన ముసలి రైతు బతుకు దానిది.

గెట్లు పోతున్నాయన్నది ఎవరూ కాదనలేని సంగతి. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని కొందరు, తుమ్మనీడకు పత్తి పెరగదని మరికొందరు, ప్లాట్లు చేయడానికి ఇంకొందరు చెట్లు తీసేస్తున్నారు. ఒకప్పుడు నాగలికి, బండి చక్రానికి నల్లతుమ్మ కర్ర కావాలి కనుక చెట్టును కాపాడుకునేవారు. నాగలి పోయింది, బండి పోయింది, వాటితో పాటు చెట్టు మీద మమకారమూ పోయింది.

అడవి మాట కూడా జిల్లాలో నలుగురి నోటా ఉన్నదే. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం వీఎల్ఎఫ్ కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణకు అవసరమని ప్రభుత్వం చెప్పింది. అడవి పోతుందని పర్యావరణవాదులు ఆందోళన చేశారు. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ పోయిన చెట్లకు బదులు వేరొక చోట మొక్కలు నాటుతామన్న మాట వినవస్తుంది. ఆ మాట సీతాకోకచిలుకకు కొంతవరకు సరిపోతుంది. రేల మొక్క ఎక్కడ చిగురిస్తే అక్కడికి అది వెదుక్కుంటూ పోగలదు. మట్టిలో ఉన్న బంగారు పురుగు పిల్లకు ఆ మాట వినపడదు. పాత చెట్టు కింది పాత మన్నును నాటడం ఎవరి వల్లా కాదు.

చేయదగిన చిన్న పనులు

దీనికి పెద్ద పథకాలు అక్కరలేదు, రూపాయి ఖర్చు అంతకన్నా లేదు. పొలానికి ఒక మూలనైనా రెండు తుమ్మలు, ఒక రేగుపొద, పది తంగేడు చెట్లు ఉంచుకుంటే చాలు. వాటి మొదట్లో దున్నకుండా కాస్త నేల వదిలివేయాలి. గడ్డిమందు చేనుకు కొట్టినప్పుడు గాలి గెట్టు వైపు లేకుండా చూసుకోవాలి. బతుకమ్మకు తంగేడు పూలు కోసేటప్పుడు కొమ్మలు విరవకుండా పూలే తెంపుకుంటే గొంగళికి ఆకు మిగులుతుంది, వచ్చే ఏటికి పూలూ మిగులుతాయి.

పిల్లల ఆటను మాన్పించనవసరం లేదు. పురుగును చేత్తో పట్టుకుని చూసిన పిల్లవాడికే దానిమీద ప్రేమ పుడుతుంది. దారం కట్టకుండా, ఒక పూట చూసి, పట్టుకున్న చెట్టు మీదనే వదిలేయమని పెద్దలు చెబితే చాలు. ఒకవేళ పెట్టెలో గుడ్డు పెడితే దాన్ని అదే తుమ్మ మొదట్లో మెత్తటి మట్టిలో కప్పి రావాలి. పిల్లలు ఎప్పుడైతయని మనుమడు అడిగితే, 'మన్ను జూస్కుంటది, నువ్వు చెట్టును జూస్కో' అని అవ్వ చెప్పవచ్చు.

సీతాకోకచిలుక ఎక్కడ పచ్చదనం ఉంటే అక్కడికి పోతుంది. దాన్ని పిలవడానికి నాలుగు తంగేడు చెట్లు చాలు. బంగారు పురుగు ఎక్కడికీ పోదు. దాన్ని పిలవనక్కరలేదు, ఉన్నచోట ఉండనిస్తే చాలు. వచ్చే మృగశిరకు మర్పల్లి గెట్ల మీద తుమ్మ మిగిలి ఉంటే, దాని కింది మట్టి కదలకుండా ఉంటే, చీకట్లో కాచుకున్న ఆ పచ్చని మెరుపు నేలను చీల్చుకుని మళ్ళీ పైకి వస్తుంది. అప్పటికి ఊళ్ళో ఏదో ఒక పిల్లవాడు ఖాళీ అగ్గిపెట్టె కోసం వంటింట్లో వెదుకుతూనే ఉంటాడు.